దేహయంత్రం

ఆ ఎండాకాలం దాకా నన్ను పట్టుకునే ముందు ఎవరూ అడిగేవారు కాదు. రిక్షా ఎక్కాలంటే రిక్షా చినబాబు చంకల కింద చేతులు పెట్టి ఎత్తేవాడు. బస్సయితే కండక్టరు. పెళ్ళిళ్ళలో మెట్లుంటే, ఆ క్షణానికి చేతులు ఖాళీగా ఉన్న మగవాడు ఎవడైనా సరే. ఇరవై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని బియ్యం బస్తా ఎక్కించినట్టు ఎక్కించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవారు. అదే మనుషులు మా వదిన ఎదురైతే కొంగు కూడా తగలకూడదని గోడకి అతుక్కుని నడిచేవారు. నా విషయంలో వాళ్ళకి ఆ జాగ్రత్త అవసరం అనిపించలేదు. నేను ఆడదాన్నన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఏం లాభంలే అని నేను కూడా ఎవరికీ గుర్తు చెయ్యలేదు.

మాది నిడదవోలు. బజారువీధిలో మా అన్నయ్య నాగేశ్వరప్రసాద్‌కి ఫ్యాన్సీ షాపు. షాపు ముందు గాజు తలుపుల ఎస్టీడీ బూత్ నాది. వికలాంగుల కోటాలో నా ఎడమకాలు చూసి ఇచ్చిన బూత్ అది. పసుపు బోర్డు మీద కన్యకాపరమేశ్వరి అని నా పేరే ఉండేది. మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి ఆ కాలు సన్నబడిపోయింది. తొడ దగ్గర్నుంచి పాదం దాకా రెండు ఇనప కడ్డీలు, తోలు బెల్టులు, కింద బూటు కలిపిన క్యాలిపర్ తొడుక్కుంటే నడవగలను. అది లేకపోతే నేల మీద దేకాలి. పొద్దున్నే బెల్టులు బిగించుకుని బూత్‌లో కూర్చుంటే రాత్రి షాపు కట్టేదాకా ఊళ్ళో వాళ్ళ సంసారాలన్నీ వింటూ ఉండేదాన్ని. గాజు తలుపు వేసుకున్నా అరిచే మాట్లాడతారు కదా మనవాళ్ళు.

2001 ఏప్రిల్లో మరమ్మతుల కోసం కాలవలు కట్టేశారు. వదిన పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో అమ్మ, అన్నయ్య, నేను. అప్పుడు పల్లంరాజు గారు బూత్‌కి వచ్చారు. ఆయన ఊరికి కేబుల్ కనెక్షన్లు ఇస్తారు, పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తారు. ఆ వేసవిలో ఆయనకి సీరియల్ తియ్యాలన్న పిచ్చి పట్టింది.

"సైన్స్ ఫిక్షనండి పరమేశ్వరి గారూ," అన్నారు స్టూలు లాక్కుని కూర్చుంటూ. "పూర్వం పరకాయ ప్రవేశం అనేవారు చూడండి, అదే. మనం దానికో మెషీన్ పెడతాం. సీరియల్ పేరు 'దేహయంత్రం'. ప్రతి ఆదివారం సాయంత్రం మన లోకల్ ఛానెల్లో వేస్తాం."

కథ చెప్పారు. శాంత అని ఒక అవిటి అమ్మాయి, నళిని అని ఒక నాట్యకత్తె. ఒక శాస్త్రవేత్త మెషీన్‌లో పొరపాటు జరిగి ఇద్దరి ప్రాణాలూ తారుమారవుతాయి. శాంత ప్రాణం నళిని ఒంట్లోకి, నళిని ప్రాణం శాంత ఒంట్లోకి. నళినిని ప్రేమించిన హీరో కిరణ్ మధ్యలో ఇరుక్కుంటాడు.

"నళినిగా రాజమండ్రి నుంచి లావణ్య అని నాటకాల ఆర్టిస్టుని పెట్టానండి. శాంత మీరే. మేకప్పుతో కాలు అలా చెయ్యలేం గదండి," అన్నారు. ఆయన ఉన్నమాట అంటారు. అందుకే ఆయన మీద నాకు అంత కోపం లేదు.

షాపు ప్రకటన సీరియల్ మొదట్లోనూ చివర్లోనూ ఉచితంగా వేస్తామనేసరికి అన్నయ్య పొంగిపోయాడు. చెల్లెల్ని టీవీలో పదిమంది చూస్తారే అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నన్ను చూడ్డానికి ఏముందని ఆలోచిస్తాడు? అమ్మ మాత్రం, "పోన్లే, ఆ కాలు ఎందుకో ఒకందుకు పనికొచ్చింది," అంది. బూత్ వచ్చినప్పుడు కూడా ఇదే మాట అంది.

దేహయంత్రాన్ని బ్యూటీపార్లర్‌లో జుట్టు ఆరబెట్టే టోపీ, ఒక పాత కూలర్ ఫ్యాను, పందిళ్ళకి కట్టే రంగు బల్బులు కలిపి తయారుచేశారు. పెళ్ళి క్యాసెట్లలో పెళ్ళికూతురి ముఖం తామరపువ్వులోంచి పుట్టుకొస్తుంది చూశారా, నా ప్రాణం ఎగిరి లావణ్యలో పడడానికి ఆ ఎఫెక్టే వాడారు. జనం నోరెళ్ళబెట్టుకుని చూశారు. ఆదివారం సాయంత్రం బజారువీధిలో షాపులన్నీ బోసిపోయేవి.

ప్రాణాలు మారాక లావణ్య పని సుఖంగా ఉండేది. ఇసకలో పరిగెత్తడం, గిర్రున తిరగడం, కిరణ్‌తో పాట పాడడం. గమనించాను, కథలో శాంతకి కాళ్ళొచ్చాకే కోరికలొచ్చాయి. అంతవరకూ ఆమెకి దేవుడి పటాలు, కుట్టుమిషను. మంచి కాళ్ళు రాగానే జడలో పూలు, వానలో తడవడం, మగాడి వంక చూడడం, అన్నీ ఒక్కసారే వచ్చేశాయి.

నా పని కాలుని తిట్టుకోవడం. నాట్యకత్తె ప్రాణం ఈ ఒంట్లో చిక్కుకుంది కాబట్టి నేను ఏడవాలి, కాలుని రెండు చేతులతో కొట్టుకోవాలి.

"ఇంకా గట్టిగా కొట్టండమ్మా! అసహ్యం కనపడాలి!" అని అరిచేవారు రాజు గారు కెమెరా వెనకనుంచి. కొట్టుకున్నాను. కెమెరా సరిగ్గా తిరగలేదంటే మళ్ళీ కొట్టుకున్నాను.

ఆ మర్నాడు దుర్గాసాయి బూత్‌కి వచ్చాడు. కిరణ్ వేషం అతనిదే. పక్క ఊరి రైతుల అబ్బాయి, ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. సీరియల్ మొదలైనప్పటినుంచి డైలాగులు బట్టీ పట్టడానికి మధ్యాహ్నాలు బూత్‌కి వచ్చి కూర్చునేవాడు. ఎండకి ఎవరూ ఫోన్లు చెయ్యని వేళ. నేను లావణ్య డైలాగులు చదివితే అతను కిరణ్‌వి చెప్పేవాడు.

ఆ రోజు డైలాగులు తియ్యలేదు. "నిన్న అలా కొట్టుకున్నారు, నెప్పెట్టలేదాండీ?" అన్నాడు.

"ఎందుకు పెట్టదు?"

"అంటే... ఆ కాలికి తెలుస్తుందాండీ?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. డాక్టర్లు సుత్తి పెట్టి కొట్టి చూశారు గానీ నన్ను అడగలేదు.

"కదలదు గానీ అన్నీ తెలుస్తాయి," అన్నాను. "చీమ పాకినా తెలుస్తుంది. వేడి, చలి, దుప్పటి రాసుకోవడం, అన్నీ. మీ కాలికి తెలిసినట్టే."

 నా కాలు వంక చూడకుండా నా ముఖం వంక చూస్తూ, "నాకు తెలీదండి. మొద్దుబారిపోయి ఉంటుందనుకున్నాను. అందరం అలాగే అనుకుంటాం," అన్నాడు.

నేను మీటర్ తుడిచాను. ఆ రోజునుంచి మధ్యాహ్నం భోజనం చేసి తల దువ్వుకుని మరీ బూత్‌కి వెళ్ళేదాన్ని. ఇంత సిగ్గులేకుండా ఎదురుచూడడం నాకు వచ్చని అప్పుడే తెలిసింది. అతనేదో అంటాడని కాదు. అతను తలుపు తోసుకుని లోపలికొస్తూ "పరమేశ్వరి గారూ" అంటాడు కదా, ఆ పిలుపు కోసం.

తరవాతి భాగం స్క్రిప్టు వచ్చింది. కాలవ దగ్గర కిరణ్ శాంత ఒంట్లో ఉన్న నళినిని చూసి, పోల్చుకోలేక, "చెల్లెమ్మా, నీకేం కష్టమొచ్చింది?" అంటాడట. మెషీన్ బాగయ్యి నళిని తన ఒంట్లోకి తిరిగొచ్చాకే అతనికి ప్రేమ గుర్తొస్తుందట.

నాకు ఒళ్ళు మండింది. "రాజు గారూ, లోపలున్నది నళినే కదండీ? అంత ప్రేమించినవాడు పోల్చుకోడా? అతని ప్రేమ ఆ అమ్మాయి మీదా, ఆ అమ్మాయి పిక్కల మీదా?"

రాజు గారు గెడ్డం గోక్కున్నారు. "పాయింటేనండి," అన్నారు.

"పోల్చుకుంటాడు," అన్నాడు దుర్గాసాయి పక్కనుంచి. "పోల్చుకోవాలండి రాజు గారూ. లేకపోతే హీరో ఎలా అవుతాడు?"

ఆ మాట అన్నందుకే నేనతన్ని ఇప్పటికీ పూర్తిగా తిట్టలేను.

సీను మార్చారు. లాకుల దగ్గర ఎండిన కాలవలో షూటింగు. బీటలు వారిన ఒండ్రుమట్టి రాజు గారి లెక్కలో ప్రళయం తరవాత మిగిలిన భూమి. నీళ్ళు లేక పక్కకి ఒరిగిన పడవ అంచున నన్ను కూర్చోబెట్టారు. క్యాలిపర్ పిక్క బెల్టు ఊడిపోతే కిరణ్ మోకాళ్ళ మీద కూర్చుని బిగించాలి. అప్పుడు నేను, అంటే నళిని, సన్నగా కూనిరాగం తియ్యాలి. అతను తలెత్తి చూసి పోల్చుకోవాలి. గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది.

దుర్గాసాయి వచ్చి నా ముందు మట్టిలో మోకరిల్లాడు. బెల్టు దగ్గరకి వచ్చిన చేతులు ఆగిపోయాయి. స్క్రిప్టులో లేని మాట, నాకొక్కదానికే వినపడేలా అడిగాడు.

"పట్టుకోవచ్చాండీ?"

"కానివ్వండి సార్, వెల్తురు పోతోంది!" అని అరిచారు రాజు గారు.

"పట్టుకోండి," అన్నాను.

పిక్క చుట్టూ బెల్టు తిప్పాడు. అతని అరచెయ్యి వెచ్చగా ఉంది. "ఎన్నో చిల్లుకండీ?" అన్నాడు. "మూడోదానికి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. నాకు కోరిక పుట్టింది. ఇంతకంటే మర్యాదైన మాట ఉందేమో గాని నేను వెతకలేదు. సన్నటి ఆ కాలు పొడుగునా, నడుం దాకా జల్లుమంది. అన్నీ తెలుస్తాయని నేను చెప్పిన కాలే అది. కూనిరాగం ఎలా తీశానో గుర్తులేదు. అతను తలెత్తి నా కళ్ళలోకి చూసి, "నళినీ," అన్నాడు.

పేరు వేరేదాని పేరే. అయినా చూసింది నన్ను. అంతమాత్రానికే సర్దుకున్నాను, చాలా సంతోషంగా సర్దుకున్నాను.

లావణ్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నేనైతే అలా చూడలేనండీ బాబూ, నాకు నవ్వొచ్చేస్తుంది. మీరు నిజంగానే చూశారు," అంది. మంచి పిల్ల. తను ఏమందో తనకి తెలిసినట్టు లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చోలేదు.

"షాపుకొచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు, మీ చెల్లికి సంబంధం కుదిరిందా ప్రసాదూ అని. ఒకటే నవ్వులు. వాడు నీ కాలు పట్టుకున్నాడట?"

"పట్టుకున్నాడు. చినబాబు రోజూ చంకల కింద పట్టుకుని రిక్షా ఎక్కిస్తాడు. అతన్ని ఎప్పుడూ అడగలేదే?"

"చినబాబు వేరు."

"ఏంటి వేరు?"

 అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి, "ఊరుకోవే. నీకు తెలీదు. నలుగురూ నవ్వేది మనల్ని చూసే," అంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా లేని పరువు నాకు ఒక్క సాయంత్రంలో వచ్చింది. వచ్చిన పూటే పోయింది కూడా. నేను నవ్వాను. అన్నయ్య అన్నం తినకుండా రాజు గారి దగ్గరకి వెళ్ళాడు. ఆ సంగతి నాకు ఆదివారం దాకా తెలీదు.

ఆదివారం నేను నెమలికంఠం రంగు చీర కట్టుకున్నాను. నన్ను నేను టీవీలో చూసుకోవడానికి చీర మార్చుకోవడం అదే మొదలు. అమ్మ, నేను మంచం మీద కూర్చున్నాం. అన్నయ్య గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు. షాపు ప్రకటన అయింది. కాలవ వచ్చింది. ఒరిగిన పడవ, నేను. అతను వచ్చి మోకరిల్లాడు. చేతులు బెల్టు వైపు వెళ్ళాయి. అక్కడ తామరపువ్వు విచ్చుకుంది. పువ్వు మూసుకునేసరికి బెల్టు పెట్టేసి ఉంది. నా కూనిరాగం బదులు విషాద సంగీతం. అతను తలెత్తాడు. పెదాలు "నళినీ" అనే అన్నాయి, నాకు తెలుసు, నేను ఎదురుగా కూర్చుని చూశాను. గొంతు మాత్రం వేరే మాట అంది.

"చెల్లెమ్మా! నీ కష్టం చూడలేకపోతున్నాను చెల్లెమ్మా!"

పెదాలు ఆగిపోయాక కూడా గొంతు ఇంకా చెల్లెమ్మా అంటూనే ఉంది. ఆ గొంతు కూడా అతనిదే. స్టూడియోలో కూర్చుని, ఆ సీనే చూస్తూ, మళ్ళీ చెప్పి ఉంటాడు.

అన్నయ్య టీవీ చూడలేదు. నన్ను చూశాడు. అమ్మ నిట్టూర్చి, "బాగుంది. పద్ధతిగా ఉంది," అని కూర తరగడానికి లేచింది.

సోమవారం మధ్యాహ్నం దుర్గాసాయి వచ్చాడు. చేతిలో స్వీటు ప్యాకెట్టు. అన్నయ్య షాపు గల్లాలోంచి ఇటే చూస్తున్నాడు. దుర్గాసాయి తలుపు తోసి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, బాగున్నారా?"

నేను ప్యాకెట్టు అందుకోలేదు. "అక్కనెప్పుడయ్యానండీ?" అన్నాను.

అతని ముఖం ఎర్రబడింది. "ప్రసాద్ గారు మా ఇంటికొచ్చి మా నాన్నతో మాట్లాడారండి. ఊళ్ళో ఏవేవో అనుకుంటున్నారట. మీకే కదండీ ఇబ్బంది."

"నాకేం ఇబ్బందో నన్నడిగారా?"

"లేదండి."

"ఆ డబ్బింగు మీరే చెప్పారు కదా?"

"ఆయ్," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మనసులో అలాంటిదేం లేనప్పుడు, అక్కా అంటే తప్పేముందండీ?"

"మీ మనసులో లేదు. సరే. నాకుంది," అన్నాను.

గట్టిగా అనలేదు. గాజు తలుపు తీసే ఉంది కాబట్టి అన్నయ్యకి వినపడిందో లేదో తెలీదు. దుర్గాసాయికి వినపడింది. ప్యాకెట్టు మీటర్ పక్కన పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పట్టుకోవచ్చా అని అడిగిన మనిషి ఒకేఒక్కడు. అతన్ని కూడా మా వాళ్ళు తమ్ముణ్ణి చేసి పంపారు. స్వీట్లు అన్నయ్య షాపులో పంచాడు.

జూన్ దగ్గరపడుతోంది. కాలవలోకి నీళ్ళు వదిలేలోగా ఆఖరి భాగం తియ్యాలని రాజు గారు హడావిడిగా వచ్చారు. మెషీన్ ఇంకొక్కసారే పనిచేస్తుందట. ఇద్దరిలో ఒక్కరికే బతుకట. శాంత తన ప్రాణం వదిలేసి నళినికి ఒళ్ళు తిరిగి ఇచ్చేస్తుందట.

"శాంత ఎందుకు చావాలండీ?" అన్నాను.

"త్యాగమండి! ఆడవాళ్ళంతా ఏడవాలి. అయినా ఇద్దరాడాళ్ళు, ఒక హీరో. ఎవరో ఒకరు పోవాలి కదండి."

"నళిని పోవచ్చుగా?"

ఆయన పెద్దగా నవ్వారు. జోకు వేశాననుకున్నారు.

"నేను రానండి," అన్నాను. "చావడానికి ఇంకెవరినైనా చూసుకోండి."

ఆయన మొహం చిన్నబోయింది. "మీ ఇష్టమండి. బలవంతమేం లేదు," అని వెళ్ళిపోయారు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ గురువారం స్నానం చేస్తున్నాను. స్నానానికి క్యాలిపర్ విప్పి గది బయట గోడకి ఆనించి పెడతాను. పీట మీద కూర్చుని నీళ్ళు పోసుకుంటుంటే బయట అమ్మ, అన్నయ్య గుసగుసలు వినపడ్డాయి. తలుపు తీసి చెయ్యి చాపితే గోడ తప్ప ఏమీ తగల్లేదు.

"అమ్మా, నా క్యాలిపర్ ఏదీ?"

"అన్నయ్య పట్టుకెళ్ళాడే. సాయంత్రానికి తెచ్చేస్తాడు. నువ్వు రాకపోయినా పర్వాలేదుట. లావణ్యకి దుప్పటి కప్పి పడుకోబెడతారట, ముఖం కనపడదు. కాలొక్కటి బయటకి కనిపిస్తే చాలుట."

"నువ్వే ఇచ్చావా?"

అమ్మ పొడి గుడ్డ అందిస్తూ, "నీ కోసమేనే. సగంలో ఆపేస్తే, ఏమైందో ఏమిటో అని ఇంకా అనుకుంటారు. ఈ గొడవ ఇక్కడితో చచ్చిపోతే మంచిది," అంది.

అమ్మ నన్ను ఎత్తబోయింది. వద్దన్నాను. తడిబట్టలతో గచ్చు మీద దేకుతూ నా గదిలోకి వెళ్ళాను. అంతదూరం దేకడం చిన్నప్పుడే మానేశాను. మోకాలికి, అరచేతులకి ఆ గచ్చు ఇంకా గుర్తుంది. ఆ పగలంతా బూత్‌కి తాళం. నేను మంచం మీద, నా కాలు కాలవలో. అక్కడ లావణ్య దుప్పటి కింద పడుకుని నా బదులు చచ్చిపోతోంది.

పొద్దుగూకే వేళకి అన్నయ్య క్యాలిపర్ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. బూటు వెనక భాగం తొక్కేసి అణిగిపోయి ఉంది. పిక్క బెల్టుకి చివర్న మేకుతో పొడిచిన కొత్త చిల్లు, అంచులు చీరుకుపోయి.

"లావణ్య కాలు లావు కదా, బెల్టు అందలేదు. చిన్న చిల్లేగా," అన్నాడు.

"నన్నడగొచ్చుగా అన్నయ్యా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"మరి?" అన్నాడు. తన వైపే న్యాయం ఉన్నట్టు నా వంక చూసి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆఖరి భాగం వేసిన మర్నాడు బూత్ ఖాళీ లేదు. ఫోన్ చెయ్యక్కర్లేనివాళ్ళు కూడా వచ్చారు. "చచ్చిపోయిన సీను అద్భుతం అమ్మా! మా ఆవిడ అన్నం తినలేదు," అన్నాడు ఒకాయన. "దుప్పట్లోంచి ఆ కాలు కనపడుతుంటే కడుపు తరుక్కుపోయిందనుకో," అంది ఎదురు షాపావిడ. అందరూ నా చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. అది నా కాలు కాదని, నేనసలు అక్కడ లేనని ఒక్కరూ పోల్చుకోలేదు. నేను చెప్పలేదు. ఎవరెంత పోల్చుకోగలరో నాకు అర్థమైపోయింది.

ఆ వారం చినబాబు రిక్షాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్ళాను. బూత్ నా పేరున ఉంది కాబట్టి దాన్ని వేరే చోటికి మార్చమని అడిగే హక్కు నాదే. రైల్వే స్టేషన్ ఎదురుగా ఒక గది మాట్లాడుకున్నాను. ముందు బూత్, వెనక వంట, పడక. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

అన్నయ్య ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు. "వదిన పసిబిడ్డతో వస్తోంది. ఇప్పుడు నువ్విలా వెళ్ళిపోతే ఊళ్ళో నేనేం చెప్పుకోను? ఇక్కడ నీకేం తక్కువ చేశాం?"

"ఏం తక్కువ చెయ్యలేదు."

"వాడి కోసమేనా?"

"వాడు నాకు తమ్ముడు కదన్నయ్యా. మీరే చేశారుగా," అన్నాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కదానివీ ఎలా ఉంటావే? రాత్రిపూట ఎవడైనా తలుపు కొడితే?" అంది. ఆ మాటకి నాకు ఏడుపు కూడా వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. నా తలుపు ఎవడో కొడతాడని అమ్మ భయపడడం అదే మొదటిసారి.

నేను వెళ్ళిన రోజు ఉదయానికి కాలవలోకి నీళ్ళొచ్చేశాయి. ఎర్రటి కొత్తనీరు లాకులు దాటి పోతోందని వీధిలో పిల్లలు పరుగెడుతున్నారు. కిరణ్ మోకరిల్లిన మట్టి, ఒరిగిన పడవ, అన్నీ నీళ్ళలోకి వెళ్ళిపోయి ఉంటాయి. చూడ్డానికి వెళ్ళలేదు. బెల్టులు మూడో చిల్లుకి బిగించుకున్నాను. కొత్త చిల్లున్న కొస ఖాళీగా వేలాడుతోంది. నా పెట్టె, ఫోను, మీటర్ రిక్షాలో పెట్టారు. అన్నయ్య షాపులోంచి బయటికి రాలేదు. అమ్మ గుమ్మంలో నిలబడింది.

చినబాబు ఎప్పటిలాగే తలపాగా సర్దుకుని నా చంకల కిందకి చేతులు చాపాడు.

"ఆగు చినబాబూ. అడిగి పట్టుకో," అన్నాను.

అతను తెల్లబోయాడు. పాపం, చిన్నప్పటినుంచి నన్ను మోసినవాడు. "ఏటడగాలండీ పాపగారూ?"

"పట్టుకోవచ్చా అని అడుగు."

అతను అమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. చేతులు వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు. "పట్టుకోవచ్చాండీ?" అన్నాడు.

"వద్దు," అన్నాను.

రిక్షా కమ్మీ పట్టుకుని, కుడికాలు పైకి పెట్టి, ఎడమకాలుని చేత్తో ఎత్తుకుని ఎక్కాను. చాలాసేపు పట్టింది. వీధిలో అందరూ నిలబడి చూశారు. చూడనిచ్చాను.